సుక్రయ్య కట్టిన గదికి తొలి అతిథి

ఇది తూర్పు కనుమల నడిబొడ్డుకు చేసిన మహాయాత్ర. ఇందులో చీకటి గుహలున్నాయి. దారి కాసి ఆపిన మనుషులున్నారు. పేరు తెలియని అడవి ఉంది. దేవత రాళ్ళ ముందు జరిగిన న్యాయవిచారణ ఉంది. నా మూలంగా పోయిన ఒక ప్రాణం కూడా ఉంది. చదివేవాళ్ళు గుండె చిక్కబట్టుకోవాలి.

అక్కర్లేదు లెండి. గుహలంటే రైలు సొరంగాలు. దారి కాసినవాళ్ళు నవ్వుతూ చెయ్యి చాపిన ఆడవాళ్ళు. అడవికి పేరుంది, నేనే అడగలేదు. పోయిన ప్రాణం కోడిది. నేను వెళ్ళింది బొడ్డగొంది అనే ఊరికి. పాతిక ఇళ్ళు కూడా ఉండవు. ఫోనులో పటం తెరిస్తే అక్కడ పచ్చరంగు తప్ప మరేమీ కనిపించదు. వెళ్ళిన పని ఒక గదిలో మూడు రాత్రులు పడుకుని రావడం. అది కూడా పూర్తి చెయ్యలేదు.

రైలు

మాది తణుకు. మా వైపు ఎత్తయిన ప్రదేశం అంటే కాలువ మీది వంతెన. అందుకని కొండ రైలు ఎక్కితే మనసులో ఏదో ఒకటి కలగాలని ముందే నిర్ణయించుకుని ఎక్కాను. కొండలు మొదలయ్యాక సొరంగాలు వచ్చాయి. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీ మొత్తం కేక పెడుతోంది. ఎందుకని ఎదురు సీటాయన్ని అడిగాను. ఆయన చీపురుపల్లిలో బడిపంతులట.

“అందరూ అరస్తన్నారు కదా బాబూ,” అన్నాడు.

“మొదలుపెట్టేది ఎవరండీ?”

“ముందు బోగీవోలు.”

తర్వాతి సొరంగంలో నేనూ అరిచాను. కాసేపటికి వెలుగొచ్చింది. అరవకపోయినా వచ్చేదే.

బొడ్డగొంది సంగతి నాకు తెలిసింది అంతకుముందు శీతాకాలంలో. బస్సులో అరకు వెళ్ళినప్పుడు అక్కడ ఒక టీ కొట్టు గోడ మీద చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది: రూము గలదు, అడవి మధ్య, కొత్త బాత్రూము. కింద ఫోను నంబరు. ఈ ఎండాకాలం చేస్తే, అవతల మొదటి మోతకే ఎత్తారు, ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నట్టు.

“ఎన్ని రాత్రులు సార్?”

“రెండండీ.”

“మూడుండండి సార్. మూడయితే బావుంటాది.”

ఎవరికి బావుంటుందో చెప్పలేదు. నేను అడగలేదు.

డుంబ్రిగుడ సంత

సంత రోజు కావడం కేవలం అదృష్టం. కొండచీపుళ్ళు, చింతపండు, అనాసలు, ఎండుచేపలు, పిన్నీసులు అన్నీ నేల మీదే. పచ్చి మామిడికాయలు కుప్ప పోశారు, కాయ అయిదు రూపాయలు. ఆ డబ్బుకు మా తణుకులో తొడిమ వస్తుంది.

ఒక చోట పసుపు కొంటున్నారు. కాటా ముందు కూర్చున్న షావుకారు చోడవరం వైపు మనిషి. కొండ మీంచి మూట దించిన ఒకావిడ ముందు ఆయన ఒక కొమ్ము తీసి విరిచాడు, వాసన చూశాడు, “చెమ్మ పట్టింది” అని పక్కకు విసిరాడు. ఆవిడ మూట మళ్ళీ కట్టుకుని నెత్తికెత్తుకుంది. అంత దూరం దించింది, అంత దూరం ఎక్కించాలి.

“చెమ్మ పడితే ఏమవుతుందండీ?” అని అడిగాను.

“బూజు పడుద్ది. బూజు పడితే ఎవులూ ముట్టుకోరు. మీరు పసుపు కొంటారా, అరకు అందాలు సూడ్డానికొచ్చినారా?”

“అందాలకేనండీ.”

“అయితే పక్కకి జరగండి. ఎలుతురు తగల్నేదు.”

జరిగాను. అక్కడినుంచి జీపు. జీపు కొండ ఎక్కుతుండగా నలుగురు ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురుబొంగు పట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ వెలిగించాడు, అది అలవాటైన విషయం అన్నట్టు. ఆ ఊళ్ళో ఇటుకల పండగ, అంటే వేట పండగ. మగవాళ్ళు అడవిలోకి వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు రోడ్డు మీద వచ్చేపోయేవాళ్ళను ఆపి డబ్బులడుగుతారు.

“మా మొగోలు ఏటకెల్లినారు బాబూ,” అంది ముందున్నావిడ. “మేం ఇక్కడ ఏటాడతన్నాం.”

“వాళ్ళకేమైనా దొరికిందా?”

“ఆలకేటీ దొరకదు. ఉట్టి సేతుల్తో వొస్తే పేడనీల్లు కొడతాం. మాకు నువ్వు దొరికినావు గదా, తియ్యి.”

తీశాను. బొంగు పైకి లేచింది. పండగ రోజు ఏ ఊరికి ఆ ఊరే పెట్టుకుంటుందని డ్రైవరు చెప్పాడు. ఈ సంగతి నేను చెవిన పెట్టి ఉంటే ఇక్కడితో కథనం అయిపోయేది.

రోడ్డు అయిపోయిన చోట

రోడ్డు ఎక్కడ అయిపోయిందో అక్కడ, ఫోనులో మాట్లాడిన సుక్రయ్య నిలబడి ఉన్నాడు. తెల్లచొక్కా ప్యాంటులోకి దోపి, మెడ గుండీ దాకా పెట్టుకున్నాడు. నలభై దాటి ఉంటాయి. నన్ను చూసి నిటారుగా అయి, “వెల్‌కం సార్,” అన్నాడు. వెనక కొండ, పక్కన రెండు మేకలు.

ఆయన ఆరేళ్ళపాటు అరకులో ఒక లాడ్జిలో రూమ్‌బాయ్‌గా పనిచేశాడట. నా సంచి నా చేతిలోంచి లాక్కుని ముందు నడవడం మొదలుపెట్టాడు. వెనక్కి చూడడు. లాడ్జిలో అలాగే నేర్పించారేమో.

“రూములో ఇరవై నాలుగ్గంటలూ వాటర్ ఉంటాది సార్.”

“ఊళ్ళో కుళాయిలున్నాయా?”

“నేనున్నాను సార్.”

అద్దం ఉందని, రెండు సబ్బులున్నాయని, దుప్పటి తెల్లదని, కావాలంటే వెదురుబొంగులో కోడి వండిస్తానని చెప్పుకుంటూ కాఫీ తోటల మధ్య కాలిబాటన ఎక్కిపోతున్నాడు. కాఫీ మొక్కల మీద నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు. నేను ఇరవై అడుగులు వెనక ఉన్నాను, ఊపిరి ఇంకో ఇరవై అడుగులు వెనక ఉంది. అలా వస్తుంటే ఒక చెట్టు కింద పచ్చి మామిడికాయ పడి ఉంది. తీసి, చొక్కాకు తుడిచి, కొరికాను. పళ్ళు జివ్వుమన్నాయి. ఇంకోసారి కొరికాను. మిగతాది ఉప్పూ కారం దొరికాక తిందామని చేతిలో పట్టుకున్నాను.

ఊళ్ళోకి అలాగే అడుగుపెట్టాను.

సుక్రయ్య ఇంటి ముందు ఆయన భార్య బుదరమ్మ వాకిట్లో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. ఎర్రచీర మోకాళ్ళ దాకా, ముక్కుకు రెండు వైపులా పుడకలు. “కొంచెం ఉప్పూ కారం ఇస్తారా అమ్మా?” అని మామిడికాయ చూపించాను.

ఆవిడ లేచి నిలబడింది. పక్కింటి వాళ్ళు లేచి నిలబడ్డారు. సుక్రయ్య అప్పటికి తిరిగి చూశాడు.

“బేగు మోసుకొచ్చినావు,” అంది బుదరమ్మ ఆయనతో. “మనిసిని సూసుకోనేదు.”

విషయం ఏమిటంటే, ఆ ఊళ్ళో ఏ పంటయినా, ఏ కాయైనా ముందు దేవతకు పెట్టి, ‘కొత్త’ పండగ చేసుకుని, తర్వాతే మనుషులు తినాలి. కొర్రకో కొత్త, చిక్కుడుకో కొత్త, మామిడికో కొత్త. డ్రైవరు చెప్పినట్టు ఏ ఊరి రోజు ఆ ఊరిదే, ఇక్కడ మామిడి కొత్త ఇంకా రెండు రోజులుంది. కొండకు ఇవతల అయిదు రూపాయలకు అమ్మే సరుకు, అవతల నేరం. మా వైపు మామిడికాయ తినడానికి అడ్డమల్లా చెట్టు యజమాని ఒక్కడే, అదీ మెలకువగా ఉంటే.

బుదరమ్మ నా చేతిలోంచి కాయను ఆకుతో పట్టుకుని తీసి ఇంటి చూరు మీద పెట్టింది. “దిసారి తాత రేపొస్తాడు. ఆయనే సెప్పాల,” అంది. దిసారి అంటే ఊరికి మంచిరోజులు పెట్టే పెద్ద.

గది

ముందుగా సుక్రయ్య స్టీలు గ్లాసుతో “వెల్‌కం డ్రింక్ సార్” అని ఇచ్చాడు. రాగి అంబలి. అంచుకు నిమ్మచెక్క గుచ్చి ఉంది. తర్వాత గది చూపించాడు. సిమెంటు నేల, రేకుల కప్పు, గులాబిరంగు గోడలు, అద్దం, చెప్పినట్టే రెండు సబ్బులు. బాత్రూములో కుర్చీలా కూర్చునే దొడ్డి. ఊరి మొత్తానికి అదొక్కటే, దానికి నీళ్ళు మోసేదీ ఆయనొక్కడే.

ఆయన నీళ్ళకు వెళ్ళినప్పుడు బుదరమ్మ గుమ్మంలోకి వచ్చి అసలు సంగతి చెప్పింది.

“బాబూ, ఒకటి సెప్తాను, ఇను. ఈ గది కట్టి ఏడాదయ్యింది. ఒక్కలూ రానేదు. ఉన్నదాంట్లో తడవని గది ఇదొక్కటే. పోయినేడు నా పసుపంతా పంచలో పెట్టి వానకి బూజెట్టీసింది. అందుకని ఇద్దరం మాటనుకున్నాం. నువ్వు ఈ గదిలో మూడు రాత్రులుంటే గది ఈయనది. నేనింకేటీ అనను. ముందే ఎల్లిపోయినావంటే గది నా పసుపుది.”

“మీరు నన్ను వెళ్ళిపొమ్మంటున్నారా?”

“సీ, నాను అలగంటానా? ఉండు, తిను. ఉన్నదున్నట్టు సెప్పినాను.”

అన్నట్టుగానే ఆవిడ నన్ను తరిమే ప్రయత్నం ఏదీ చెయ్యలేదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టి సామలన్నం, పనసకాయ కూర పెట్టింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను. వెదురుబొంగులో కోడి ప్రస్తావన సుక్రయ్య తెచ్చాడు. “గిన్నెలుండగా బొంగులో ఎందుకయ్యా?” అంది ఆవిడ. అరకు వెళ్ళిన వాళ్ళందరూ ఒకసారి ఆలోచించుకోవలసిన ప్రశ్న.

ఆ సాయంత్రం ఊరంతా వంతులవారీగా కిటికీ దగ్గరికి వచ్చి నన్ను చూసి వెళ్ళింది. మనం గిరిజన గ్రామాలు చూడ్డానికి వెళ్తాం కదా, అదే, అటునుంచి. ఒకామె మనవరాలిని ఎత్తుకుని వచ్చింది. “అదుగో, గెస్టు,” అని చూపించింది. ఆ పిల్ల కాసేపు చూసి ఏడ్చింది. రాత్రి దుప్పటి మీద బల్లి పడితే నేను మంచం మీద లేచి నిలబడ్డాను. అది తప్ప మొదటి రాత్రి బాగానే గడిచింది. తెల్లారి సుక్రయ్య తలుపు తట్టి, వేళ్ళు చూపించి, “ఒకటయ్యింది సార్. ఇంక రెండు,” అన్నాడు. ఆయన మొహంలో అంత సంతోషం చూసి, ఏది ఏమైనా మూడూ ఉందామని నాలో నేను ఒట్టు పెట్టుకున్నాను.

విచారణ

దిసారి తాత బక్కపలచని మనిషి. ఊరి మధ్య దేవత రాళ్ళ పక్కన బండమీద కూర్చుని, నా మామిడికాయ తెమ్మన్నాడు. ఆకుతో సహా తెచ్చారు. తిప్పి తిప్పి చూశాడు.

“రెండు గాట్లు,” అన్నాడు. “పులుపా?”

“పులుపే తాతా.”

“ఉంటాది మరి. టెంక ముదరనేదు.”

తర్వాత వాళ్ళ ఇంటి భాష ఒడియాలో చాలాసేపు మాట్లాడుకున్నారు. నాకోసం మధ్యలో తెలుగులోకి వచ్చారు. తాత తర్కం ఇది:

“కోతి తింతాది. ఉడత తింతాది. ఆటికి కొత్త నేదు, తప్పు నేదు. దారంట పోయినోడు తిన్నా అంతే, ఆడూ ఉడతే. మన ఇంటి మనిసి తింటే మాత్రం తప్పు. ఆ ఇంటోలు దేవతకి కోడియ్యాల, అప్పుడే రేపు పండగ. ఇప్పుడు సెప్పండి. ఈ బాబు ఎవులు?”

సుక్రయ్య వెంటనే లేచాడు. “గెస్టు తాతా. రూముకొచ్చినాడు. అద్దె ఇచ్చి మూడు రాత్రులుంటాడు, ఎల్లిపోతాడు. ఉడతే.”

అందరూ నా వైపు చూశారు. “నేను కూడా ఉడతనేననుకుంటున్నానండీ,” అన్నాను. పని అయిపోయినట్టే కనిపించింది. తాత కాయ అవతల పారెయ్యబోయాడు.

“ఆగు తాతా,” అంది బుదరమ్మ. చేతులకున్న పసుపు చీరకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. “ఏ ఉడత నా కుండలో అంబలి తాగినాది? ఏ ఉడత నా పొయ్యికాడ కూకోని పనసకాయ కూర రెండుసార్లు ఏయించుకున్నాది? అలగ తిన్నోడిని ఉడతంటే నా పొయ్యికి మరియాదేటి? ఈడు మా ఇంటి మనిసి.”

“ఉండవే, నువ్వు…” అన్నాడు సుక్రయ్య.

“కోడి నాది. నేనిత్తాను.”

తాత కాయ పక్కన పెట్టాడు. “సూసుకోని సెప్పు. ఇంటి మనిసంటే ఇంటి మనిసే. రేపు మల్లా కాదంటే సెల్లదు.”

“ఎందుకు కాదంటాను?”

ఎవరో తెలియని ఊళ్ళో, ఎవరో తెలియని ఆవిడ నా తప్పు నెత్తిన వేసుకుని నన్ను తనవాడినంది. నేను ఆవిడకు దణ్ణం పెట్టాను. వేళ్ళకు ఇంకా మామిడి జీడి వాసన ఉంది.

“ఏ వంశం కింద?” అడిగాడు తాత.

“మాదే. కిల్లో.”

కిల్లో వాళ్ళది పులి వంశం. బల్లికి మంచమెక్కిన మనిషిని పులుల్లో కలిపారు. పులులెవరూ అభ్యంతరం చెప్పలేదు.

పులి

సభ లేస్తుండగా బుదరమ్మ మొగుడి వైపు తిరిగింది.

“మరి ఇంటి మనిసి గదిలో ఎందుకుంటాడు? ఇంట్లో పడుకుంటాడు. ఇంటి మనిసి కాడ అద్దెవులు తీసుకుంటారు?”

సుక్రయ్యకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నాకు ఇంకొంచెం పట్టింది.

“మూడు రాత్రులన్నాం గదే!” అన్నాడాయన.

“గెస్టు మూడు రాత్రులుంటే అన్నాం. ఒక రాత్రి ఉన్నాడు. ఇప్పుడు గెస్టేడి? సూపించు.”

సుక్రయ్య చుట్టూ చూశాడు. గెస్టు ఎక్కడా లేడు. నేను చెయ్యెత్తి, “తాతా, పోనీ నేను ఉడతగానే ఉంటానండీ,” అన్నాను.

“తీర్పయిపోనాది బాబూ,” అన్నాడు తాత. “పులి మల్లా ఉడతవ్వదు.”

బుదరమ్మ ప్రేమతో అన్నదా, పసుపు కోసం అన్నదా అని ఇప్పటికీ కొందరు స్నేహితులు అడుగుతారు. రెండూ ఒకే ఇంటికి చేరే దారులు. ఆవిడ ఏ దారిన వచ్చిందో ఆవిడకే ఎరుక. గుడ్ల మీద కూర్చునే పెట్టను మాత్రం నిజంగానే ఇచ్చింది.

ఆ సాయంత్రం సంచి తెచ్చుకుందామని గదిలోకి వెళ్తే సుక్రయ్య తెల్లదుప్పటి మడత పెడుతున్నాడు, లాడ్జిలో పెట్టినట్టు, అంచుకు అంచు కలిపి.

“ఆరేళ్ళు మందిగదులకి బేగులు మోసినాను సార్. ఒక్కసారి నా గదికి మోద్దామనిపించింది.”

“మోశారు కదా.”

“మోసినాను,” అన్నాడు. దుప్పటి మీద ముడత సరిచేసి మళ్ళీ, “మోసినాను,” అన్నాడు.

నేనేదో గొప్ప మాట అనవలసిన చోటు అది. తలగడ గలీబు రెండో చివర పట్టుకున్నాను.

రెండో రాత్రి ఇంట్లో చాప మీద, ఒక పక్క సుక్రయ్య, ఒక పక్క పనసకాయలు. ఆయన గురకకు రేకులు లేకపోయినా కప్పు అదిరింది.

కొత్త

మర్నాడు పండగ. కోడి దేవతకు చేరింది, కూర మాకు చేరింది. మామిడి ముక్కలు అన్నంతో కలిపి ఆకుల్లో పెట్టి అందరికీ పంచారు. జీలుగు కల్లు తిరిగింది. డప్పులు మోగాయి. ఆడవాళ్ళు చేయీ చేయీ పట్టుకుని థింసా ఆడారు, నన్నూ లాగారు. నాలుగో అడుగు దగ్గర నేను పక్కావిడ కాలు తొక్కాను. “పులేటి, ఎనుబోతు,” అందావిడ.

అధికారికంగా తిన్న మామిడికాయ రుచి ఎలా ఉందని అడుగుతారేమో. దొంగతనంగా తిన్నంత పుల్లగానే ఉంది.

దిగే రోజు

ఇంటి మనిషికి ఉన్న సౌకర్యాలు ఇవి: తెల్లారగానే లేపుతారు, కట్టెలు మోయిస్తారు, స్నానానికి వాగు దగ్గరికే పొమ్మంటారు. నేను దిగిపోవలసిన రోజు మధ్యాహ్నం కొండ వెనకనుంచి నల్లమబ్బు లేచింది. వాకిలంతా పసుపు ఆరబోసి ఉంది. బుదరమ్మ పొయ్యి దగ్గరనుంచి పరుగెత్తుకొచ్చింది. మాటల్లేవు, ఒకటే ఎత్తడం. ఒక్కొక్క కొమ్మూ ఎర్రచీర కొంగులోకి, గంపలోకి, గోనెలోకి. మొదటి గాలి వచ్చింది. నేను గంప పట్టుకుని ఎటు వెళ్ళాలో తెలియక నిలబడ్డాను.

“ఒరే గుంటడా!” అని ఎవరో అరిచారు. సుక్రయ్య. మూడు రోజుల్లో ఆయన నన్ను సార్ అనకపోవడం అదే మొదలు. “గుడ్లప్పగించి సూస్తావేటిరా, గదిలో ఎయ్యి! బేగి!”

బేగి వేశాను. ఆయన నా వెనకే రెండు గోనెలు భుజాల మీద మోసుకుంటూ వచ్చి, గుమ్మంలో ఆగి, మెడ గుండీ విప్పుకుని, లోపల పెట్టాడు. చివరి గంప లోపలికి రాగానే రేకుల మీద వాన దబదబా పడింది. బుదరమ్మ గుమ్మంలోనే కూలబడింది. గోనెలో చెయ్యి పెట్టి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచింది. ఆ శబ్దం విని నవ్వింది. పొడిగా ఉంది.

సుక్రయ్య నవ్వలేదు. గోనెల వైపు, నేల వైపు చూశాడు. అద్దం తీసి గూట్లో పెట్టాడు. తర్వాత మంచం దగ్గరికి వెళ్ళి, దాని చెక్కలు ఒక్కొక్కటే ఊడబెరికి నేల మీద పరవడం మొదలుపెట్టాడు.

“అలగెందుకయ్యా?” అంది బుదరమ్మ, ఈసారి మెల్లగా.

“నేల మీద నేరుగా పెడితే మల్లా సెమ్మే గదే,” అన్నాడాయన. “కట్టినోడిని, నాకు తెలవదా?”

ముగ్గురం కలిసి గోనెలన్నీ చెక్కల మీదికి ఎక్కించాం. వాన తగ్గాక నేను దిగిపోయాను. నా సంచి నేనే మోసుకున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు: గది ఖాళీ లేదు. సిమెంటు నేల కింది నుంచి చెమ్మ లాగుతుంది. పసుపు గోనెల కింద చెక్కలు వెయ్యాలి, గోడకూ గోనెకూ మధ్య జానెడు ఖాళీ వదలాలి.